డుబోయిస్: ఐక్యరాజ్యసమితి తలుపు తట్టిన నల్లజాతి మేధావి

1946 జూలైలో బాబాసాహెబ్ అంబేడ్కర్ అమెరికాలోని ఒక నల్లజాతి మేధావికి చిన్న ఉత్తరం రాశారు. అక్కడి నల్లజాతి ప్రజలు తమ మీద సాగుతున్న వివక్ష గురించి ఐక్యరాజ్యసమితికి పిటిషన్ పెట్టారని చదివానని, భారతదేశంలోని అంటరానివారు కూడా అదే దారిలో వెళ్లాలని ఆలోచిస్తున్నారని, ఆ పిటిషన్ ప్రతులు రెండో మూడో పంపగలరా అని అందులో అడిగారు. ఉత్తరం అందుకున్న మనిషి ఆ నెలాఖరులోనే జవాబు రాశారు. ఆయన పేరు డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్. అప్పటికి ఆయన వయసు 78 ఏళ్లు.

మన సభల్లో ఈ ఉత్తరం ప్రస్తావన తరచూ వస్తుంటుంది. ఇద్దరు గొప్పవాళ్ల మధ్య సంఘీభావానికి గుర్తుగా చెప్పుకుని ముందుకు వెళ్లిపోతుంటాం. కానీ ఆ ఉత్తరం వెనుక ఉన్న ప్రశ్న ఈనాటికీ మనదే. సొంత దేశపు చట్టం, పోలీసు, కోర్టు న్యాయం చేయనప్పుడు బయటి ప్రపంచం ముందుకు వెళ్లవచ్చా? వెళితే ఏం ఒరుగుతుంది? ఈ ప్రశ్నకు డుబోయిస్ తన జీవితంలో సగానికి పైగా వెచ్చించారు. అందుకే ఆయన కథను మనం వివరంగా తెలుసుకోవాలి.

లెక్కలతో మొదలైన పోరాటం

డుబోయిస్ 1868 ఫిబ్రవరి 23న మసాచుసెట్స్ రాష్ట్రంలోని గ్రేట్ బారింగ్టన్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. చట్టం ముందు అందరూ సమానమని చెప్పే అమెరికా రాజ్యాంగ 14వ సవరణ అమల్లోకి వచ్చింది కూడా ఆ ఏడాదే. కాగితం మీది సమానత్వానికీ వీధిలోని జీవితానికీ మధ్య దూరం ఎంతో ఆయన చదువుకోసం దక్షిణాదికి వెళ్లాక తెలిసింది. టెనెసీలోని ఫిస్క్ విశ్వవిద్యాలయంలో చదువుతూ, వేసవి సెలవుల్లో పల్లెల్లో నల్లజాతి పిల్లలకు పాఠాలు చెప్పారు. తర్వాత హార్వర్డ్‌లో, బెర్లిన్‌లో చదివారు. 1895లో హార్వర్డ్ నుంచి పీహెచ్‌డీ పొందిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ ఆయనే.

నల్లజాతి ప్రజల వెనుకబాటుకు వాళ్ల పుట్టుకే కారణమని తెల్లజాతి పండితులు చెప్పుకునే రోజులవి. ఆ వాదాన్ని ఆధారాలతో కొట్టాలని డుబోయిస్ అనుకున్నారు. ఫిలడెల్ఫియా నగరం ఏడో వార్డులో స్వయంగా ఇంటింటికీ తిరిగి, ఎవరెవరు ఏ పని చేస్తున్నారు, ఎంత అద్దె కడుతున్నారు, పిల్లలు బడికి వెళుతున్నారా అని రాసుకున్నారు. 1899లో అది పుస్తకంగా వచ్చింది. నిజాలు తెలిస్తే మనుషులు మారతారని ఆయన అప్పటికి నమ్మేవారు.

ఆ నమ్మకం అదే ఏడాది అట్లాంటాలో దెబ్బతింది. జార్జియా రాష్ట్రంలో శామ్ హోస్ అనే నల్లజాతి కూలీని మూక హింసించి, సజీవంగా తగలబెట్టింది. ఆ ఘటన గురించి ఒక పత్రికా కార్యాలయానికి వెళ్లి మాట్లాడాలని బయలుదేరిన డుబోయిస్‌కు, హోస్ వేలి కణుపులను దారిలోని ఒక దుకాణంలో ప్రదర్శనకు పెట్టారని తెలిసింది. ఆయన అక్కడి నుంచే వెనక్కి తిరిగారు. మనుషుల్ని ఇలా చంపుతుంటే కేవలం పరిశోధకుడిగా ఉండిపోలేనని అర్థమైంది. కారంచేడు, చుండూరు చూసిన తరం మనలో ఉంది. ఆ వెనక్కి తిరగడం ఎలాంటిదో మనకు విడమర్చి చెప్పనక్కర్లేదు.

1909లో ఏర్పడిన నల్లజాతి హక్కుల సంస్థ ఎన్ఏఏసీపీ వ్యవస్థాపకుల్లో ఆయన ఒకరు. మరుసటి ఏడాది నుంచి దాని పత్రిక క్రైసిస్‌కు సంపాదకుడయ్యారు. మూకహత్యల వివరాలను ఆ పత్రిక పేర్లతో, ఊళ్లతో, తేదీలతో అచ్చువేసేది. సంస్థ మరోపక్క చట్టం కోసం పట్టుబట్టింది. మూకహత్యలను ఫెడరల్ నేరంగా మార్చే డయ్యర్ బిల్లు 1922లో ప్రతినిధుల సభలో నెగ్గింది. సెనేట్‌లో దక్షిణాది సభ్యులు ఓటింగే జరగకుండా అడ్డుకున్నారు. ఇంట్లో ఉన్న తలుపులు ఇలా ఒక్కొక్కటే మూసుకుంటున్న కాలంలోనే డుబోయిస్ బయటి తలుపుల వైపు చూడటం మొదలుపెట్టారు.

జెనీవా దారి

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక 1919లో పారిస్‌లో శాంతి సదస్సు జరిగింది. గెలిచిన దేశాలు మ్యాపులు గీసుకుంటుంటే, ఆఫ్రికా ప్రజల మాట చెప్పేవాళ్లు అక్కడ లేరు. డుబోయిస్ అదే నగరంలో పాన్ ఆఫ్రికన్ కాంగ్రెస్ జరిపారు. రావాలనుకున్న చాలామంది నల్లజాతి అమెరికన్లకు వాళ్ల ప్రభుత్వం పాస్‌పోర్టులు ఇవ్వలేదు. అయినా 57 మంది ప్రతినిధులు చేరారు. ఆ సదస్సు రోజుల్లోనే, నానాజాతి సమితి నిబంధనల్లో జాతుల సమానత్వాన్ని చేర్చాలని జపాన్ ప్రతిపాదించింది. మెజారిటీ సభ్యులు ఒప్పుకున్నా, ఏకగ్రీవం కావాలంటూ అమెరికా అధ్యక్షుడు విల్సన్ దాన్ని పక్కన పెట్టేశారు.

1921లో రెండో కాంగ్రెస్ తర్వాత డుబోయిస్ పిటిషన్ పట్టుకుని జెనీవాలోని నానాజాతి సమితికి వెళ్లారు. వలస ప్రాంతాల పాలనను పర్యవేక్షించే మాండేట్స్ కమిషన్‌లో ఆఫ్రికా సంతతి వ్యక్తిని ఒకరిని నియమించాలని, అంతర్జాతీయ కార్మిక సంస్థలో నల్లజాతి కార్మికుల సమస్యలకు ప్రత్యేక విభాగం ఉండాలని కోరారు. నియామకం జరగలేదు. అయితే ఒక పద్ధతి మొదలైంది. సొంత ప్రభుత్వం వినకపోతే, రాజ్యం లేని ప్రజలు కూడా ప్రపంచ వేదికను సంబోధించవచ్చని ఆయన చేసి చూపించారు.

చార్టర్‌లో రెండు వాక్యాలు

1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి చార్టర్ రాస్తున్నప్పుడు అమెరికా బృందానికి సలహాదారుగా వెళ్లిన ఎన్ఏఏసీపీ ప్రతినిధుల్లో డుబోయిస్ ఉన్నారు. వలస పాలన అంతం గురించీ జాతుల సమానత్వం గురించీ స్పష్టమైన హామీ కావాలని ఆయన పట్టుబట్టారు. చివరికి చార్టర్‌లో రెండు విషయాలు పక్కపక్కనే చేరాయి. జాతి, లింగ, భాష, మత భేదం లేకుండా అందరి మానవ హక్కులనూ ఐక్యరాజ్యసమితి ప్రోత్సహిస్తుందని 55వ అధికరణ చెప్పింది. ఏ దేశపు అంతర్గత వ్యవహారాల్లోనూ సమితి జోక్యం చేసుకోకూడదని 2వ అధికరణ 7వ క్లాజు చెప్పింది. మానవ హక్కుల మీద ఇప్పటిదాకా జరుగుతున్న వాదనంతా ఈ రెండింటి మధ్య పెనుగులాటే.

ఆ గోడను మొదట బద్దలు కొట్టిన దేశాల్లో మన దేశమే ముందుంది. దక్షిణాఫ్రికాలో భారతీయుల మీద వివక్ష సాగుతోందని 1946లో భారత్ ఫిర్యాదు చేసింది. అది తమ అంతర్గత వ్యవహారమని దక్షిణాఫ్రికా వాదించింది. 1946 డిసెంబరులో సర్వసభ్య సభ మూడింట రెండు వంతుల మెజారిటీతో భారత్ వైపు నిలిచింది. ఈ విషయం గుర్తుపెట్టుకుందాం, మళ్లీ దీని దగ్గరకు వస్తాం.

1947 పిటిషన్

అంబేడ్కర్ అడిగిన పిటిషన్ 1946లో నేషనల్ నీగ్రో కాంగ్రెస్ పెట్టింది. దాని ప్రతిని పంపుతూనే, తమ సంస్థ మరింత సమగ్రమైనది తయారుచేయబోతోందని డుబోయిస్ తెలియజేశారు. ఏడాది తిరిగేసరికి ఆయన సంపాదకత్వంలో అది పూర్తయింది. న్యాయవాదులు, చరిత్రకారులు కలిసి ఆరు అధ్యాయాలు రాశారు. బానిసత్వ కాలం నుంచి చట్టాలు ఎలా నడిచాయి, ఓటు హక్కును ఎలా లాక్కున్నారు, బడుల్లో, ఇళ్లలో, ఉద్యోగాల్లో వేర్పాటు ఎలా ఉంది అన్నది ఒక్కొక్కటిగా రుజువు చేశారు. చివరి అధ్యాయంలో చరిత్రకారుడు రేఫోర్డ్ లోగన్ చార్టర్ కింద సమితికి ఏం చేసే అధికారం ఉందో చర్చించారు. అమెరికాకు ప్రమాదం మాస్కో నుంచి కంటే మిసిసిపీ నుంచే ఎక్కువని డుబోయిస్ తన ముందుమాటలో వాదించారు.

1947 అక్టోబరు 23న ఆ పిటిషన్‌ను ఐక్యరాజ్యసమితి అధికారులకు అందజేశారు. తీసుకున్నవారిలో మానవ హక్కుల విభాగం డైరెక్టర్ జాన్ హంఫ్రీ ఉన్నారు. కానీ మానవ హక్కుల ఫిర్యాదులపై చర్య తీసుకునే అధికారం తనకు లేదని మానవ హక్కుల కమిషన్ ఆ ఏడాది మొదట్లోనే తీర్మానించుకుంది. కమిషన్ అధ్యక్షురాలు ఎలినార్ రూజ్‌వెల్ట్. ఆమె ఎన్ఏఏసీపీ బోర్డు సభ్యురాలు కూడా. అయినా సోవియట్ యూనియన్ ఈ పిటిషన్‌ను అమెరికా మీద ఆయుధంగా వాడుకుంటుందంటూ, సమితిలో దాన్ని ప్రవేశపెట్టడానికి ఆమె ఒప్పుకోలేదు. ఫిర్యాదును విచారించాలని సబ్ కమిషన్‌లో సోవియట్ ప్రతినిధి పెట్టిన ప్రతిపాదన వీగిపోయింది. 1948 డిసెంబరు 10న మానవ హక్కుల సార్వత్రిక ప్రకటనను ఆమోదించిన నాటికి, ఆ హక్కులు అందని కోటిన్నర మంది అమెరికన్ల పిటిషన్ ఫైళ్లలోనే ఉంది.

మరి అదంతా వృథాయేనా? అలా అనలేం. ప్రపంచ పత్రికలు ఆ పిటిషన్ గురించి రాశాయి. అమెరికా అటార్నీ జనరల్ తన దేశపు పౌరులు న్యాయం కోసం బయటికి వెళ్లాల్సి రావడం సిగ్గుచేటని బహిరంగంగా ఒప్పుకున్నారు. 1948 జూలైలో అధ్యక్షుడు ట్రూమన్ సైన్యంలో వివక్షకు ముగింపు పలికే ఉత్తర్వు ఇచ్చారు. బడుల్లో వేర్పాటుపై నడిచిన బ్రౌన్ కేసులో, జాతి వివక్ష విదేశాల్లో దేశం పరువు తీస్తోందని ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు చెప్పింది. 1954లో ఆ వేర్పాటు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు వచ్చింది. వీటన్నిటికీ ప్రధాన కారణం వీధుల్లో, కోర్టుల్లో పోరాడిన ప్రజలు. అంతర్జాతీయ ఒత్తిడి వాళ్ల చేతికి అదనపు బలం ఇచ్చింది.

చెల్లించిన మూల్యం

ఆ బలానికి డుబోయిస్ భారీ మూల్యం చెల్లించారు. సంస్థ నాయకత్వం ప్రభుత్వ విదేశాంగ విధానానికి తోకగా మారుతోందని విమర్శించినందుకు, 1948లో తాను స్థాపించిన సంస్థ నుంచే ఆయన్ని తొలగించారు. 1951లో అణ్వస్త్ర వ్యతిరేక ప్రచారం చేసినందుకు విదేశీ ఏజెంటుగా నమోదు కాలేదంటూ కేసు పెట్టారు. 82 ఏళ్ల మనిషికి బేడీలు వేశారు. నవంబరులో కోర్టు నిర్దోషిగా వదిలినా, ప్రభుత్వం వదల్లేదు. 1958 దాకా పాస్‌పోర్టు ఇవ్వలేదు. 1957లో ఘనా స్వాతంత్ర్యోత్సవాలకు ఆహ్వానం వచ్చినా ఆయన వెళ్లలేకపోయారు. 1951లో మరో పిటిషన్‌ను ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన పాల్ రోబ్సన్, విలియం ప్యాటర్సన్‌లకు కూడా పాస్‌పోర్టులు దక్కలేదు. బయటి వేదిక మీద నోరు విప్పితే దేశద్రోహి అనడం కొత్త సంగతి కాదని ఈ చరిత్ర చెబుతోంది.

1961లో కమ్యూనిస్టు పార్టీలో చేరి, అధ్యక్షుడు ఎన్‌క్రుమా ఆహ్వానంపై డుబోయిస్ ఘనా వెళ్లిపోయారు. ఆ దేశ పౌరుడయ్యారు. 1963 ఆగస్టు 27న 95 ఏళ్ల వయసులో అక్రాలో కన్నుమూశారు. మర్నాడు వాషింగ్టన్ మహాప్రదర్శన వేదిక మీద ఆ వార్త ప్రకటించారు.

ఆయన తర్వాత, మన దాకా

ఆయన పోయిన మూడు నెలల్లోపే జాతి వివక్ష నిర్మూలనపై సమితి ప్రకటన వెలువడింది. కొత్తగా స్వతంత్రమైన ఆఫ్రికా దేశాల పట్టుదల దాని వెనుక ఉంది. 1965 డిసెంబరు 21న అది ఒడంబడికగా మారింది. ప్రకటన ఆశయం చెబుతుంది. ఒడంబడిక మీద సంతకం చేసి ఆమోదించిన దేశం దానికి చట్టపరంగా కట్టుబడాలి. 18 మంది నిపుణుల కమిటీకి ఎప్పటికప్పుడు నివేదికలు ఇచ్చుకోవాలి, ప్రశ్నలకు జవాబు చెప్పాలి. 1947లో తనకు అధికారం లేదన్న కమిషన్ కూడా 1967 తర్వాత ఫిర్యాదులను పరిశీలించడం మొదలుపెట్టింది. డుబోయిస్ తట్టినప్పుడు తెరుచుకోని తలుపు ఇరవై ఏళ్లకు కొద్దిగా తెరుచుకుంది.

ఆ ఒడంబడికలోని వివక్ష నిర్వచనంలో జాతి, రంగులతో పాటు వంశం అనే మాట కూడా ఉంది. దాన్ని ప్రతిపాదించింది భారత ప్రభుత్వమే. మన దేశం 1968లో ఒడంబడికను ఆమోదించింది. పుట్టుకను బట్టి జరిగే వివక్ష అంటే కులవివక్ష కూడా అని కమిటీ 1996లో భారత్‌కు చెప్పింది. కులం జాతి కాదు కాబట్టి ఇది వర్తించదని ప్రభుత్వం వాదించింది. 2001లో డర్బన్ సదస్సుకు దళిత కార్యకర్తలు తరలివెళితే, అదే ప్రభుత్వం కులం మాట పత్రాల్లోకి రాకుండా అడ్డుకుంది. దక్షిణాఫ్రికా 1946లో మన మీద వాడిన వాదం, అదే దక్షిణాఫ్రికా గడ్డ మీద మన ప్రభుత్వం నోట వినిపించింది. అయినా 2002లో కమిటీ తన 29వ సాధారణ సిఫార్సులో కులాన్ని పేరు పెట్టి చెప్పింది.

అంబేడ్కర్ అనుకున్న పిటిషన్ ఏమైంది? 1951లో మంత్రి పదవికి రాజీనామా చేసినప్పుడు ఆయనే ఆ సంగతి బయటపెట్టారు. షెడ్యూల్డ్ కులాల స్థితి మీద ఐక్యరాజ్యసమితికి ఇవ్వడానికి నివేదిక సిద్ధం చేశానని, రాజ్యాంగ సభకూ పార్లమెంటుకూ ఒక అవకాశం ఇవ్వాలని ఆగిపోయానని వివరించారు. పరిస్థితి మారలేదన్న ఆవేదన కూడా ఆ ప్రకటనలో ఉంది. ఆయన దగ్గర పనిచేసిన భగవాన్ దాస్ 1983లో జెనీవాలో సబ్ కమిషన్ ముందు అంటరానితనం గురించి సాక్ష్యం చెప్పారు. ఆగిపోయిన పని అలా మళ్లీ మొదలైంది.

ఐక్యరాజ్యసమితి వచ్చి మన ఊళ్లో ఎఫ్ఐఆర్ నమోదు చేయించదు. వ్యక్తుల ఫిర్యాదులను ఆ కమిటీ నేరుగా తీసుకోవాలంటే ఒడంబడిక 14వ అధికరణ కింద ప్రభుత్వం అంగీకారం తెలపాలి, భారత్ ఆ పని చేయలేదు. అయితే ప్రభుత్వ నివేదికకు పోటీగా ప్రజాసంఘాలు ప్రత్యామ్నాయ నివేదిక ఇవ్వవచ్చు. దానికి కావలసింది ఏడో వార్డులో డుబోయిస్ చేసిన పనే. ఏ ఊళ్లో, ఏ తేదీన, ఎవరి మీద, ఏ సెక్షన్ కింద కేసు పెట్టారు, చార్జిషీటు ఎప్పుడు వేశారు, కేసు ఎందుకు వీగిపోయింది అని రాసిపెట్టుకోవాలి. కార్యకర్తలూ విద్యార్థులూ కలిసి జిల్లాల వారీగా ఈ రికార్డు తయారుచేయగలిగితే, అది ఇక్కడి కోర్టుకూ పనికొస్తుంది, జెనీవాకూ పనికొస్తుంది.