ఒక్క రైతు పట్టా కోసం ఒక చట్టం: జార్జ్ బుష్ జీవితం

పేరు చూసి పొరబడొద్దు. అమెరికా అధ్యక్షులైన తండ్రీకొడుకుల కథ కాదు ఇది. వాళ్లకు నూరేళ్లకు పైగా ముందే ఎడ్ల బండి కట్టుకుని పశ్చిమానికి వెళ్లి, నేటి వాషింగ్టన్ రాష్ట్రంలో నాగలి పట్టిన నల్లజాతి రైతు జార్జ్ బుష్ కథ.

బుష్ పెన్సిల్వేనియాలో పుట్టారు. బానిస కాదు. మిస్సోరిలో స్థిరపడి, పశువుల పెంపకంలో బాగానే సంపాదించారు. ఇసబెల్లా జేమ్స్ అనే శ్వేతజాతి స్త్రీని పెళ్లి చేసుకున్నారు. కానీ మిస్సోరి బానిసత్వాన్ని చట్టబద్ధం చేసిన రాష్ట్రం. నల్లవాడి చేతిలో డబ్బున్నా అక్కడ భద్రత ఉండదు. 1844లో భార్యనూ ఐదుగురు కొడుకులనూ తీసుకుని, మైకేల్ సిమన్స్ తదితర శ్వేతజాతి కుటుంబాలతో కలిసి ఆయన ఆరెగాన్ దారి పట్టారు. సుమారు 3,200 కిలోమీటర్ల ప్రయాణం. తోటివారిలో కొందరికి దారి ఖర్చులకు సాయం చేసింది బుషే.

వాళ్లు ఇంకా దారిలో ఉండగానే, ఆ జూన్‌లో ఆరెగాన్ తాత్కాలిక ప్రభుత్వం ఒక చట్టం చేసింది. బానిసత్వాన్ని నిషేధించింది. అదే చట్టంలో నల్లవాళ్లంతా ప్రాంతం విడిచిపోవాలంది. మగవాళ్లకు రెండేళ్లు, ఆడవాళ్లకు మూడేళ్లు గడువు. పోకపోతే 20 నుంచి 39 కొరడా దెబ్బలు. అయినా కదలకపోతే ఆరు నెలలకోసారి మళ్లీ దెబ్బలు. బానిసలు వద్దు, నల్లవాళ్లూ వద్దు. బానిసత్వాన్ని వ్యతిరేకించిన ప్రతివాడూ నల్లవాడి పక్షం కాడని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కొరడా శిక్షను కొద్ది నెలలకే మార్చారు, మరుసటి ఏడాది చట్టాన్నే రద్దు చేశారు. అయితే 1844 చివర్లో అక్కడికి చేరిన కుటుంబానికి ఆ సంగతి ముందుగా ఎలా తెలుస్తుంది?

అమెరికన్ వలసదారులంతా కొలంబియా నదికి దక్షిణాన సారవంతమైన లోయలో ఆగేవారు. బుష్, సిమన్స్ కుటుంబాలు నది దాటి ఉత్తరానికి వెళ్లాయి. అక్కడ బ్రిటిష్ వారి హడ్సన్స్ బే కంపెనీదే పెత్తనం. ఆరెగాన్ చట్టం చెయ్యి అంత దూరం చాచేది కాదు. 1845లో సుమారు 30 మంది ప్యూజెట్ సౌండ్ తీరానికి చేరి, నేటి టమ్‌వాటర్ దగ్గర ఊరు కట్టారు. బుష్ సాగు చేసిన మైదానానికి ఆయన పేరే నిలిచిపోయింది.

ఆ నేల ఖాళీ నేల కాదు. అది నిస్క్వాలీ ఆదివాసులది. బుష్ కుటుంబం వాళ్ల భాష నేర్చుకుంది, అంటురోగాలు వచ్చినప్పుడు వాళ్లకు సేవ చేసింది. అంతమాత్రాన వలస వలస కాకుండా పోదు. 1854 డిసెంబరులో మెడిసిన్ క్రీక్ ఒప్పందంతో ప్రభుత్వం నిస్క్వాలీల భూముల్లో అత్యధిక భాగాన్ని రాయించుకుంది. తరిమివేతకు గురైన మనిషి కూడా మరొకరి నేల మీదే నిలబడాల్సి వచ్చింది. బుష్‌ను గౌరవించే రచనల్లో ఈ మాట తరచుగా జారిపోతుంటుంది.

1846 ఒప్పందంతో ఆ ప్రాంతం అమెరికాకు దక్కింది. ఏ చట్టం నుంచి తప్పించుకుని బుష్ నది దాటారో, అలాంటి చట్టాలే ఆయన వెనకాలే నది దాటాయి. 1850 భూదాన చట్టం సెటిలర్లకు ఉచితంగా భూమి ఇచ్చింది: ఒంటరి పురుషుడికి 320 ఎకరాలు, దంపతులకు 640. అర్హులు శ్వేతజాతివారు, మిశ్రమ సంతతి ఆదివాసులు. నల్లవాళ్లకు చోటు లేదు. అడవి కొట్టి, దున్ని, ఐదేళ్లుగా పంట తీస్తున్న మనిషి ఆ పొలంలోనే అనర్హుడయ్యారు. ఏళ్లుగా సాగులో ఉన్నా పట్టాకు పనికిరాకపోవడం ఏమిటో మన పాఠకులకు విడమరచి చెప్పక్కర్లేదు.

1852లో ఆ ప్రాంతంలో తిండిగింజలకు కరువొచ్చింది. వ్యాపారులు బుష్ గోధుమలను మంచి ధర ఇచ్చి మొత్తంగా కొనబోయారు. ఆయన అమ్మలేదు. కొత్తగా వచ్చిన కుటుంబాలకు తిండికీ, విత్తనానికీ ఇచ్చారు. డబ్బు లేనివాళ్లకూ ఇచ్చారు. ఆ కుటుంబాలకు పట్టాలు వచ్చేవి. ఆయనకు రావు.

1853లో వాషింగ్టన్ ప్రత్యేక టెరిటరీ అయింది. దాని తొలి శాసనసభ బుష్‌కు భూమి ఇవ్వాలని అమెరికా కాంగ్రెస్‌ను కోరింది. 1855లో కాంగ్రెస్ ఆయన ఒక్కరి కోసం చట్టం చేసి 640 ఎకరాలు ఖాయం చేసింది. పొరుగువాళ్ల కృతజ్ఞత నిజమే, దాన్ని తక్కువ చేయను. కానీ ఏం అడిగారో చూడాలి. నల్లవాళ్లకు భూమి రాకుండా చేసిన నిబంధన తీసేయమని వాళ్లు అడగలేదు. మంచివాడైన ఒక నల్లవాడిని మినహాయించమని అడిగారు. ధాన్యం పంచేంత స్తోమత లేని, సిఫారసు చేసే మిత్రులు లేని నల్లజాతి రైతుకు ఆ చట్టంలో దొరికిందేమీ లేదు.

ఓటు మాత్రం బుష్‌కూ ఇవ్వలేదు. 1863 ఏప్రిల్‌లో ఓటు వేయకుండానే ఆయన చనిపోయారు. పెద్ద కొడుకు విలియం ఓవెన్ బుష్ అదే పొలంలో సేద్యం సాగించి, 1876లో ఫిలడెల్ఫియా శతాబ్ది ప్రదర్శనలో తన గోధుమలకు బహుమతి గెలిచారు. 1889లో వాషింగ్టన్ రాష్ట్రమైనప్పుడు, ఆ రాష్ట్ర తొలి శాసనసభకు ఆయన సభ్యుడిగా ఎన్నికయ్యారు.