జాన్ చార్న్‌లీ

సర్ జాన్ చార్న్‌లీ (ఆగష్టు 29, 1911 - ఆగష్టు 5, 1982) ఇంగ్లాండుకు చెందిన ప్రముఖ ఎముకల శస్త్రవైద్యుడు. తుంటి కీలు మార్పిడి చికిత్సకు నేటి రూపమిచ్చినవాడు.

జీవితం

ఇతడు లాంకషైర్‌లోని బరీ పట్టణంలో జన్మించాడు. మాంచెస్టరులో వైద్యవిద్యను అభ్యసించాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైనిక వైద్యునిగా పనిచేశాడు. తరువాత రైటింగ్టన్ ఆసుపత్రిలో తుంటి శస్త్రచికిత్సా కేంద్రాన్ని నెలకొల్పాడు.

కృత్రిమ తుంటి కీలు

తొడ ఎముకలో చిన్న తల గల ఉక్కు కాడను, కటి ఎముకలో నునుపైన ప్లాస్టిక్ గిన్నెను ఆక్రిలిక్ సిమెంటుతో బిగించడం ఇతని పద్ధతి. తల చిన్నదైనకొద్దీ రాపిడి తగ్గుతుంది. మొదట గిన్నెకు టెఫ్లాన్ వాడాడు. సుమారు 300 మందికి అమర్చిన పిదప, అది కొద్ది ఏళ్ళలోనే అరిగి, రాలిన పొడి చుట్టూ ఉన్న కణజాలాన్ని దెబ్బతీసింది. చార్న్‌లీ ఈ వైఫల్యాన్ని దాచలేదు. చెడిన కీళ్ళకు తానే మరల శస్త్రచికిత్సలు చేశాడు. ఆ పదార్థాన్ని తన తొడలోనికే ఎక్కించుకొని దాని ప్రభావాన్ని పరీక్షించాడు.

1962లో సహాయకుడు హ్యారీ క్రేవెన్ పాలిథిలిన్‌ను పరీక్షకు పెట్టాడు. చార్న్‌లీ మొదట దానిని తోసిపుచ్చినా, అరుగుదల అతి స్వల్పమని తేలడంతో ఆ ఏడాది నవంబరు నుండి రోగులకు అమర్చసాగాడు. గాయాలు చీము పట్టకుండా శస్త్రచికిత్స గదిలో వడపోసిన గాలిని ప్రవేశపెట్టాడు.

గుర్తింపు

1974లో లాస్కర్ పురస్కారం, 1977లో సర్ బిరుదు లభించాయి.