చూసి ఊరుకోలేదు!

షాపింగ్ మాల్‌లోనో ఆఫీసులోనో ఉన్నప్పుడు ఒక్కసారి తలెత్తి పైకి చూడండి. సీలింగ్‌కి చిన్న గాజు గొట్టంతో స్ప్రింక్లర్ కనిపిస్తుంది. గొట్టంలో ఎర్రటి ద్రవం ఉంటే, దాని చుట్టూ వేడి 68 డిగ్రీల సెల్సియస్‌కి చేరగానే గాజు పగిలి నీళ్లు కురుస్తాయి. ఎవరూ స్విచ్ నొక్కక్కర్లేదు. ఇలాంటివి ఫ్యాక్టరీల్లో ఉండి తీరాలని పట్టుబట్టినవాళ్లలో ఫ్రాన్సెస్ పెర్కిన్స్ ఒకరు. ఆమె ఇంజినీరు కాదు, ఫైర్ ఆఫీసరూ కాదు. మరి ఈ పనిలోకి ఎలా వచ్చారు?

పెర్కిన్స్ 1880లో అమెరికాలోని బోస్టన్‌లో పుట్టారు. మౌంట్ హోల్యోక్ కాలేజీలో ఫిజిక్స్ చదివారు. అక్కడ ఎకనామిక్స్ చెప్పే మేడమ్ విద్యార్థినులను దగ్గర్లోని మిల్లులకు పంపి, పని ఎలా జరుగుతుందో చూసి రమ్మనేవారు. ఆ అలవాటు ఆమెను వదల్లేదు. 1902లో డిగ్రీ అయ్యాక టీచర్‌గా చేశారు. 1910లో కొలంబియా యూనివర్సిటీలో పీజీ పూర్తిచేసి, న్యూయార్క్ కన్స్యూమర్స్ లీగ్‌లో చేరారు. పని చోట్ల పరిస్థితులు పరిశీలించడమే ఆమె ఉద్యోగం.

1911 మార్చి 25, శనివారం. స్నేహితురాలి ఇంట్లో టీ తాగుతుంటే ఫైరింజన్ల మోత వినిపించింది. పరుగెత్తుకెళ్లారు. పది అంతస్తుల భవనంలో పై మూడింట్లో ఉన్న ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీ తగలబడుతోంది. ఎనిమిదో అంతస్తు నుంచి పదో అంతస్తుకు ఫోన్ వెళ్లింది. మధ్యలో ఉన్న తొమ్మిదో అంతస్తుకు మాత్రం కబురే లేదు! అక్కడ ఒక తలుపుకి తాళం. బయటి ఇనుప మెట్లు కూలిపోయాయి. ఫైర్ సిబ్బంది నిచ్చెనలు ఆరో అంతస్తు దాకానే అందాయి. కిటికీల నుంచి దూకేస్తున్న అమ్మాయిలను పెర్కిన్స్ కళ్లారా చూశారు. మొత్తం 146 మంది చనిపోయారు. వాళ్లలో చాలామందివి మీ వయసే.

స్ప్రింక్లర్ అప్పటికి కొత్త వస్తువేం కాదు. హెన్రీ పార్మలీ 1874లోనే తన పియానో ఫ్యాక్టరీ కోసం తయారుచేసుకున్నాడు. కానీ ట్రయాంగిల్‌లో ఒక్కటీ లేదు. పెట్టమని చట్టం అడగలేదు మరి!

పెర్కిన్స్ ఏడ్చి ఊరుకోలేదు. కొత్తగా ఏర్పడిన భద్రతా కమిటీకి కార్యదర్శి అయ్యారు. ప్రభుత్వం వేసిన విచారణ కమిషన్‌తో కలిసి పనిచేశారు. రిపోర్టులు రాసి ఇచ్చేసి సరిపెట్టలేదు, చట్టసభ సభ్యులను వెంటబెట్టుకుని ఫ్యాక్టరీలకు తీసుకెళ్లారు. ఒకచోట అగ్నిప్రమాదంలో తప్పించుకునే దారి అంటూ చూపించిన చిన్న కంతలోంచి కమిషన్ అధ్యక్షుడు రాబర్ట్ వాగ్నర్‌నే పాకించారు. అవతల మంచు పట్టిన నిచ్చెన ఉంది. అదీ నేల దాకా లేదు! అది చూశాక ఇక వాదించడానికి ఏముంటుంది?

తర్వాత చట్టాలు వరసగా వచ్చాయి. ఎక్కువమంది పనిచేసే ఎత్తయిన ఫ్యాక్టరీల్లో స్ప్రింక్లర్లు, అలారాలు, ఫైర్ డ్రిల్స్, పని వేళల్లో తాళం వేయని తలుపులు తప్పనిసరయ్యాయి. పెర్కిన్స్ 1933లో కార్మిక మంత్రి అయ్యారు. అమెరికా కేబినెట్‌లో తొలి మహిళ ఆమే. పన్నెండేళ్లు ఆ పదవిలో ఉన్నారు. 1935 నాటి సామాజిక భద్రతా చట్టంలోనూ ఆమె కృషి ఉంది. 1965లో కన్నుమూశారు.

ఈ రంగం మీకూ నచ్చితే నాగ్‌పూర్‌లోని నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీలో ఫైర్ ఇంజినీరింగ్ చదవొచ్చు. వేరే ఉద్యోగమైనా సరే, చేరిన మొదటి రోజు క్యాంటీన్ ఎక్కడో కనుక్కున్నట్టే ఎమర్జెన్సీ తలుపు ఎక్కడుందో కూడా కనుక్కోండి. అది తెరుచుకుంటుందో లేదో చూడండి. మెట్ల మీద అట్టపెట్టెలు పేర్చి ఉంటే చెప్పాల్సినవాళ్లకు చెప్పండి. చెప్పినా కదలకపోతే? చేయి పట్టుకుని తీసుకెళ్లి చూపించండి. పెర్కిన్స్ చేసింది అదే.