సత్యజిత్ రాయ్ – కలకత్తా ఫిల్మ్ సొసైటీ

పగలెల్ల కార్యాలయమున పనిచేసి, సాయంకాలము సమానాభిరుచి గల మిత్రులతో కూడి ఒక సంఘమును నడుపుట ఎంత శ్రమతో కూడిన పనియో ఈ సంచిక పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి చిన్న సంఘమొకటి ఒక ఉద్యోగిని జగద్విఖ్యాత కళాకారునిగ తీర్చిదిద్దిన వృత్తాంతమిది.

సత్యజిత్ రాయ్ 1921వ సంవత్సరము మే 2వ తేదీన కలకత్తా నగరమున జన్మించిరి. పితామహులు ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి, తండ్రి సుకుమార్ రాయ్ ఉభయులును వంగ బాలసాహిత్యమున చిరస్మరణీయులు. సత్యజిత్‌కు మూడవయేడు నిండకమునుపే తండ్రి గతింపగా, తల్లి సుప్రభాదేవి కష్టములకోర్చి కుమారుని పెంచినది. ప్రెసిడెన్సీ కళాశాలలో అర్థశాస్త్రము చదివి, శాంతినికేతనమున నందలాల్ బోస్, వినోద్ బిహారీ ముఖర్జీల సన్నిధిని చిత్రకళ నభ్యసించి, 1943లో ఆయన డి. జె. కీమర్ అను ఆంగ్లేయ ప్రకటనల సంస్థలో నెలకు 80 రూపాయల వేతనముపై చేరిరి. తీరిక వేళల పుస్తకములకు బొమ్మలు వేయుచుండిరి. విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయుల నవల పథేర్ పాంచాలీకి బాలల కొరకై కూర్చిన సంక్షిప్త ప్రతికి చిత్రములు గీయునపుడే ఆ కథ ఆయన హృదయమున నాటుకొనెను.

ఆనాటి కలకత్తాలో సినిమాహాళ్ళకు కొరత లేదు. హాలీవుడ్ చిత్రములును, వంగ, హిందీ చిత్రములును విరివిగ ఆడుచుండెను. కాని రష్యా, ఫ్రాన్సు, ఇటలీ దేశముల ఉత్తమ చిత్రములను చూచుట సామాన్యునకు దుర్లభము. లాభము తోచని చిత్రమును వ్యాపారి తెప్పింపడు గదా! ఈ లోటును తీర్చుకొనవలెనను తలంపుతో స్వాతంత్ర్యము లభించిన 1947లోనే రాయ్, చిదానంద దాస్‌గుప్తా మొదలగు మిత్రులు కలకత్తా ఫిల్మ్ సొసైటీని స్థాపించిరి. ప్రథమమున ప్రదర్శించిన చిత్రము ఐసెన్‌స్టీన్ నిర్మించిన బ్యాటిల్‌షిప్ పొటెంకిన్. అది 1925 నాటి మూకీ చిత్రము. సభ్యులు కొలదిమంది, వారి చందాలే ఆధారము. సినిమాను గూర్చి చర్చించుటయే మర్యాద గాదని తలచు పెద్దలుండిన కాలమది. అయినను వారు చిత్రమును శ్రద్ధతో చూచి, పిమ్మట కథ నడచిన తీరును, ఛాయాగ్రహణమును, కూర్పును నిశితముగ విచారించుచుండిరి. చలనచిత్ర విద్యాలయములు లేని ఆ రోజులలో రాయ్‌కు ఆ గదియే పాఠశాల.

1949లో ఫ్రెంచి దర్శకుడు జాఁ రెన్వార్ తన ది రివర్ చిత్రమునకు తగిన స్థలముల నన్వేషించుచు కలకత్తాకు వచ్చెను. రాయ్ సెలవు దినములలో ఆయన వెంట పల్లెపట్టుల సంచరించిరి. 1950లో కార్యాలయమువారు పంపగా లండనుకు వెళ్లి, కొన్ని నెలలలోనే సుమారు 100 చిత్రములను చూచిరి. వానిలో డిసికా నిర్మించిన బైసికిల్ థీవ్స్ ఆయన మార్గమును నిర్ణయించెను. పెద్ద స్టూడియోలు, పేరుపొందిన తారలు లేకున్నను, నిజమైన వీధులలో సామాన్య మానవులతో ఉత్తమ చిత్రమును నిర్మింపవచ్చునని ఆయనకు రుజువయ్యెను.

1952లో భారత ప్రభుత్వమువారి ఫిల్మ్స్ డివిజన్ మన దేశమున ప్రథమ అంతర్జాతీయ చలనచిత్రోత్సవమును నెరపెను. బొంబాయిలో ఆరంభమై మద్రాసు, ఢిల్లీ, కలకత్తా నగరములలో జరిగిన ఆ ఉత్సవమున, అంతవరకు కొలదిమందికే అందిన ఇటాలియను చిత్రములు వేలాది ప్రేక్షకుల కన్నులబడెను. ఆ యేటి అక్టోబరులోనే రాయ్ పథేర్ పాంచాలీ చిత్రీకరణమున కుపక్రమించిరి. ఉద్యోగమును వదలలేదు, ఆదివారములును సెలవులును చిత్రమునకు వినియోగించిరి. జీవితబీమాపై అప్పు చేసిరి. భార్య విజయాదేవి నగలు కుదువకు వెళ్ళెను. ధనము లేక పలుమారు పని నిలిచిపోయెను. తుదకు పశ్చిమ వంగ ప్రభుత్వము ఆదుకొనినది. దారి పాట అను అర్థము గల ఆ చిత్రమునకు రహదారుల పద్దు క్రింద సొమ్ము మంజూరైనదనుట ఉద్యోగులకు నవ్వు పుట్టించు విషయము. 1955లో విడుదలైన ఆ చిత్రము మరుసటి యేట కాన్ ఉత్సవమున బహుమతి నందెను. 1957లో అపరాజితోకు వెనిస్‌లో స్వర్ణసింహము లభించెను.

ఈ నడుమ సొసైటీ కార్యక్రమములు ఆగిపోయినవి. కీర్తి వచ్చిన పిమ్మట అట్టి చిన్న సంఘమును మరచుట లోక సహజము. రాయ్ అట్లు చేయలేదు. 1956లో మిత్రులతో కలసి దానిని పునరుద్ధరించిరి. 1959లో పలు నగరముల సంఘములు కలసి అఖిల భారత సమాఖ్యగ నేర్పడగా దానికి ప్రథమాధ్యక్షులైరి. 1965లో ఢిల్లీ చలనచిత్రోత్సవమున న్యాయనిర్ణేతల సంఘమునకు అధ్యక్షత వహించిరి. 1985లో కలకత్తాలో నందన్ చిత్ర కేంద్రమును ప్రారంభించినవారును ఆయనయే.

1992లో ఆస్కార్ గౌరవ పురస్కారమును, భారతరత్నయు లభించినవి. ఆ యేడే ఏప్రిల్ 23వ తేదీన ఆయన పరమపదించిరి. 1995లో ఆ నగరమున వార్షిక చలనచిత్రోత్సవము ఆరంభమైనది. దానిని చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. అయినను ఆ ఉత్సవమునకు పునాది 1947లోనే పడినది. జీతపు రాళ్లలో కొంత చందాగ నిచ్చి, అలసిన సాయంకాలములను కళకై వెచ్చించిన కొలదిమంది మిత్రులే దానిని వేసిరి.