ఏ.ఎస్.రావు

అయ్యగారి సాంబశివరావు (సెప్టెంబరు 20, 1914 - అక్టోబరు 31, 2003) ప్రముఖ ఎలక్ట్రానిక్స్ శాస్త్రవేత్త. ఏ.ఎస్.రావుగా ప్రసిద్ధుడు. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఇ.సి.ఐ.ఎల్.) సంస్థకు వ్యవస్థాపకుడు. యుద్ధము, ప్రమాదము వంటి ఆపత్సమయాలలో ఆధారపడవలసిన వైర్‌లెస్, నియంత్రణ పరికరాలు దేశంలోనే తయారు కావాలని కృషి చేసినవారిలో ఈయన ముఖ్యుడు.

జీవితం

ప్రస్తుత పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరానికి సమీపంలోని మోగల్లు గ్రామంలో జన్మించాడు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్‌సీ. చదివి, తరువాత అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు అభ్యసించాడు. తిరిగివచ్చి బొంబాయిలో హోమీ భాభా నడుపుతున్న టాటా పరిశోధనా సంస్థలో చేరాడు.

ట్రాంబేలో అణుశక్తి సంస్థ ఏర్పడిన పిదప అక్కడి ఎలక్ట్రానిక్స్ విభాగానికి నాయకత్వం వహించాడు. 1956 ఆగస్టు 4న పనిచేయటం మొదలుపెట్టిన అప్సర రియాక్టరుకు నియంత్రణ వ్యవస్థను తయారు చేసినది ఈయన బృందమే. రియాక్టరులో శక్తి హద్దు మీరిన క్షణంలోనే పసిగట్టి, మనిషి చేయి పడకముందే దానిని ఆపివేయటం ఆ వ్యవస్థ బాధ్యత. అటువంటి పరికరం నూటికి తొంభైతొమ్మిదిసార్లు పనిచేసినా చాలదు.

1962 యుద్ధం, ఎలక్ట్రానిక్స్ కమిటీ

1962లో చైనాతో జరిగిన యుద్ధంలో సైన్యం వద్దనున్న సమాచార సాధనాల లోపాలు బయటపడ్డాయి. ఎత్తైన కొండలలో, తీవ్రమైన చలిలో దళాల మధ్య సంబంధాలు పలుచోట్ల తెగిపోయాయి. ఈ అనుభవం తరువాత 1963లో భారత ప్రభుత్వం హోమీ భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీని నియమించింది. విక్రం సారాభాయ్, సూరి భగవంతం, ఏ.ఎస్.రావు ఇందులో సభ్యులు. నలుగురిలో ఇద్దరు తెలుగువారు కావటం గమనార్హం.

ఒక వైర్‌లెస్ సెట్టులో రెసిస్టర్లు, కెపాసిటర్లు మొదలైన అనేక విడిభాగాలుంటాయి. వీటిలో ఒక్కటి దొరకకపోయినా సెట్టు మూలన పడవలసిందే. కావున సెట్లను బిగించే కర్మాగారాలు పెట్టినంత మాత్రాన స్వావలంబన రాదు, విడిభాగాలు కూడా ఇక్కడే తయారు కావాలి. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినపుడు అమెరికా సైనిక సరఫరాలను నిలిపివేయటంతో ఈ అవసరం మరింత స్పష్టమైంది. 1966 జనవరి 24న భాభా విమాన ప్రమాదంలో మరణించాడు. కమిటీ నివేదిక అదే సంవత్సరం వెలువడింది. పదేళ్ళలో దేశం ఎలక్ట్రానిక్స్‌లో స్వయంసమృద్ధి సాధించేందుకు అది ప్రణాళికను సూచించింది.

ఇ.సి.ఐ.ఎల్.

1967 ఏప్రిల్ 11న అణుశక్తి శాఖ క్రింద హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడింది. ట్రాంబే ప్రయోగశాలలో రూపొందిన పరికరాలను పెద్దయెత్తున తయారు చేయటం మొదటి ఉద్దేశం. రావు దీనికి తొలి అధిపతి. రేడియోధార్మికతను కొలిచే పరికరాలు, రియాక్టరు నియంత్రణ వ్యవస్థలు, విడిభాగాలు, యాంటెన్నాలు, రేడియో సమాచార పరికరాలు ఇక్కడ తయారయ్యాయి. 1969లో టి.డి.సి.-12 కంప్యూటరు వెలువడింది. సామాన్య జనానికి మాత్రం ఈ సంస్థ పేరు 1970లలో ఇ.సి. టీవీ ద్వారానే తెలిసింది.

పురస్కారాలు

ఈయనకు 1960లో పద్మశ్రీ, 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ లభించాయి.

హైదరాబాదులో

1998లో నగరానికి పడమట మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమై హైటెక్ సిటీకి అంకురార్పణ జరిగేనాటికి, ఈశాన్యాన కుషాయిగూడ పరిసరాలలో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమకు ముప్పై ఏళ్ళ వయసుంది. సాఫ్ట్‌వేరు వెలుగులో ఈ సంగతి తరచూ మరుగున పడుతుంటుంది. ఇ.సి.ఐ.ఎల్. సమీపంలోని కాలనీకి ఏ.ఎస్.రావు నగర్ అని పేరు పెట్టారు. నగరవాసులలో చాలామందికి ఆయన పేరు శాస్త్రవేత్తగా కంటే సిటీ బస్సు బోర్డు మీదనే ఎక్కువ పరిచయం.