పండిత రమాబాయి జీవితమున మృత్యువు, విశ్వాసము

పండిత రమాబాయి స్త్రీవిద్యకును వితంతువుల ఉద్ధరణకును పాటుపడిన సంస్కర్త్రిగా దేశమంతట ప్రసిద్ధురాలు. ఆమె సంస్కృత పాండిత్యమును గూర్చియు, మతాంతర స్వీకారము రేపిన వివాదములను గూర్చియు పెక్కు రచనలు వెలువడినవి. అయితే ఆమె జీవితమును మొదటినుండి తుదివరకు వెన్నంటినది ఆప్తుల మరణము. ఆ శోకము ఆమె విశ్వాసమున ఏ రూపము దాల్చెనో గ్రహించినగాని, ఆమె తుదికృతియైన మరాఠీ బైబిలు అనువాదపు స్వభావము చక్కగా బోధపడదు.

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పడమటి కనుమలలోని గంగామూల అరణ్యమున జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే, భార్య లక్ష్మీబాయికి సంస్కృతము నేర్పినందుకు స్వజనుల నిరసనకు గురియై, అడవిలో నివాసమేర్పరచుకొన్న పండితుడు. కాలక్రమమున ఆస్తి కరగిపోగా ఆ కుటుంబము తీర్థములు తిరుగుచు, ఆలయముల యొద్ద పురాణములు చదివి, శ్రోతలిచ్చినదానితో జీవించెను. బాల్యముననే రమాబాయి తల్లియొద్ద భాగవతమును కంఠస్థము చేసెను.

1870 దశకమున దక్షిణదేశమును కరువు పీడించెను. తిరుపతి ప్రాంతమునకు చేరునప్పటికి వారి ధనము, నగలు, పాత్రలు సర్వము హరించిపోయెను. శాస్త్రాధ్యయనము తప్ప వేరొక వృత్తి వారెరుగరు. యాచనకు అభిమానమడ్డు వచ్చెను. అడవిలో ఆకులు తిని దినములు గడిపిరి. మొదట తండ్రి, కొలది నెలలలో తల్లి, అక్క మరణించిరి. తల్లి శవమును మోయుటకు మనుష్యులు దొరకలేదు. తుదకు ఇద్దరు బ్రాహ్మణులు ముందుకు రాగా, అన్న శ్రీనివాసశాస్త్రియు రమాబాయియు వారితో కలిసి పాడె నెత్తిరి. ఆమె పొట్టిదగుటచే తనవంతు బరువును భుజముపై కాక తలపై మోయవలసి వచ్చెను. శ్మశానము మూడు మైళ్ళ దూరము.

అన్నాచెల్లెండ్రు దేశమంతట కాలినడకను తిరిగి 1878లో కలకత్తా చేరిరి. అచ్చటి విద్వాంసులు ఆమెకు పండిత, సరస్వతి అను బిరుదములొసగిరి. కాని 1880లో అన్న మరణించెను. అదే సంవత్సరమున ఆమె బిపిన్ బిహారీ అను న్యాయవాదిని, కులభేదము పాటింపక, వివాహమాడెను. 1882 ఫిబ్రవరిలో అతడు కలరాకు బలియయ్యెను. ఏడాదియైనను నిండని కుమార్తె మనోరమ ఆమె చేతిలో మిగిలెను.

భర్త యింటనే ఆమెకు వంగభాషలోని లూకా సువార్త తటస్థపడినది. అయినను బాప్తిస్మము పొందినది 1883 సెప్టెంబరు 29న, ఇంగ్లండులోని వాంటేజిలో. దానికి కొలదికాలము ముందే, వెంట వచ్చిన ఆనందీబాయి భగత్ ఆత్మహత్య చేసికొనెను. ఇట్టి తరుణమున గైకొన్న మతమును దుఃఖములో దొరికిన ఊతగా మాత్రమే చూచుట సులభము. కాని రమాబాయి గురువుల మాటను గ్రుడ్డిగా స్వీకరింపలేదు. త్రిత్వ సిద్ధాంతము మొదలగు విషయములపై వాంటేజి సన్యాసినులతో తీవ్రముగా వాదించెను. తాను మతమును ముందు గ్రహించి, క్రీస్తును కొన్ని సంవత్సరముల తరువాతనే ఎరిగితినని 1907లో వెలువడిన తన ఆత్మసాక్ష్యమున తెలిపెను.

1889 మార్చిలో బొంబాయిలో ఆమె శారదాసదనమును స్థాపించెను. మరుసటి యేడది అది పూనాకు తరలెను. వితంతువులను క్రైస్తవమతమున కలుపుచున్నదన్న ఆరోపణపై 1893లో హిందూ హితైషులు పలువురు దానికి దూరమైరి. ఆ వివాదము నేటికిని పూర్తిగా సమసిపోలేదు. 1896-97లో మధ్యపరగణాలయందు ఘోరక్షామము సంభవించెను. నేడు ఛత్తీస్‌గఢ్ రాజధానియైన రాయపూరు నాడు ఆ పరగణాలలోని ఒక జిల్లాకు కేంద్రము. రమాబాయి ఆ పరగణాలకు స్వయముగా పోయి, క్షామపీడితలైన స్త్రీలను, బాలికలను వందలకొలది పూనా సమీపమునందలి కేడ్గాఁవుకు చేర్చెను. అదియే ముక్తిసదనము. 1900 నాటి గూర్జరక్షామము పిదప అందలి వారి సంఖ్య సుమారు 2000 అయ్యెను. కన్నవారిని ఆకలిచావునుండి తప్పింపలేకపోయిన ఆమెకు క్షామమనగా పరుల కష్టము కాదు. ఆమె విశ్వాసము చనిపోయినవారిని గూర్చిన ఓదార్పుతో ఆగక, చావనున్నవారికి అన్నముగా, గృహముగా, చేతిపనిగా పరిణమించెను.

ఆమె వాఙ్మయసేవయు ఇందుండియే పుట్టినది. అప్పటి మరాఠీ బైబిలు సంస్కృతపద భూయిష్ఠమై సామాన్య స్త్రీలకు దుర్గ్రాహ్యముగా నున్నదని ఆమె తలచెను. వయసు మీరిన పిదప హీబ్రూ, గ్రీకు భాషల నభ్యసించి, మూలమునుండి సులభమైన మరాఠీలోనికి గ్రంథమంతయు తానొక్కతెయే అనువదించెను. ముక్తిసదనపు ముద్రణాలయమున ఆశ్రయము పొందిన స్త్రీలే పనిచేసిరి. సంస్కృతమునే జీవనాధారముగా గైకొన్న కుటుంబమున పుట్టిన విదుషి, ఆ సంస్కృతమును బుద్ధిపూర్వకముగా ప్రక్కకు తొలగించుట భాషాచరిత్రలో గమనింపదగిన ఘట్టము.

అనువాదము ముగియవచ్చుచుండగా 1921 జూలైలో మనోరమ మరణించెను. తల్లి సంస్థలకు వారసురాలు కావలసిన ఆమె వయస్సు నలువది. రమాబాయి పని మానలేదు. కృతి పూర్తిచేసి, 1922 ఏప్రిల్ 5న కేడ్గాఁవులో తనువు చాలించెను. సంపూర్ణగ్రంథము 1924లో వెలువడెను.

ఆమె పలుకుబడిని పరిశీలించు పండితులు మూలభాషలతో పోల్చుటతో తృప్తిపడక, కరువు మిగిల్చిన స్త్రీలు మాటలాడిన భాషతో గూడ పోల్చి చూడవలసియున్నది. ఆ గ్రంథము ఎవరి కొరకు వెలసినదో వారి నోట దాని కొలబద్ద దొరకును.