గొట్టం బిళ్ళ వెనుక భీమవరం బిడ్డ

భీమవరం: వరిచేలలో ఎలుకల మూలంగా సోకే జ్వరానికి, పొదల్లో ఉండే నల్లివంటి సన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరానికి డాక్టర్లు డాక్సీసైక్లిన్ గొట్టం బిళ్ళలు రాస్తారు. ఈ జాతి మందులలో మొట్టమొదటిది వెలువడిన పరిశోధనశాలకు అధిపతిగా ఉన్నవారు భీమవరంలోనే పుట్టారు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. పేరు చాలామంది విన్నారు గాని, ఆయన చేసిన పని తెలిసినవారు జిల్లాలో తక్కువ.

1895 జనవరి 12వ తేదీన జగన్నాథం, వెంకమ్మ దంపతులకు ఆయన జన్మించారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. ఇల్లు గడవడమే కష్టం. పదమూడో ఏట కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడించాలని ఇల్లు విడిచి బయలుదేరితే, తల్లి వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో వేసింది. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. పరీక్ష తప్పిన పిల్లవాణ్ణి ఇక పనికిరాడని తీర్మానించే పెద్దలు ఈ ముక్క గుర్తుంచుకుంటే మంచిది.

ఆ తర్వాత మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1919లో శేషగిరితో వివాహమైంది. అనపర్తికి చెందిన మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు డబ్బు సాయం చేశారు. గాంధీగారి పిలుపు విని సుబ్బారావు ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్ళడం ఇంగ్లీషు ప్రొఫెసరుకు నచ్చలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టా రావలసినచోట తక్కువస్థాయి ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది.

ఆయన్ని మందుల వెంట నడిపించింది ఇంట్లో జరిగిన ఘోరమే. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో చనిపోయారు. ఆయనకూ అదే జబ్బు సోకితే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. తర్వాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం పాఠాలు చెప్పి, 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ చేరారు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. హార్వర్డులో ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. అంత పని చేసినా అక్కడ స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళారు.

అక్కడే ఆయన చెయ్యి తిరిగింది. రక్తహీనతకు వాడే ఫోలిక్ ఆమ్లం తయారీ, మన గోదావరి ప్రాంతానికి బాగా పనికొచ్చిన బోదకాలు మందు హెట్రజాన్, పిల్లల రక్త కేన్సరుకు తొలి మందు ఆయన బృందం నుంచే వచ్చాయి. డెబ్బయ్యేళ్ళు దాటి పదవీ విరమణ చేసిన డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుణ్ణి ఆ కంపెనీ పనిలో పెట్టుకుంది. ఆయన ఊరూరి నుంచి మట్టి తెప్పించి పరీక్షించారు. మిస్సోరీ విశ్వవిద్యాలయం వారి పొలంలో గడ్డి పెంచే ఒక మడిలోని మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి దొరికింది. దాని నుంచి తీసిన ఆరియోమైసిన్ను 1948 జూలైలో లోకానికి వెల్లడించారు. అప్పటికి పెన్సిలిన్ ఎక్కువగా సూదిమందుగానే ఉండేది. ఇది నోటితో మింగితే చాలు, పెన్సిలిన్కు లొంగని టైఫస్ జ్వరాలకూ పనిచేసింది. మరుసటి నెలలోనే సుబ్బారావు గుండెపోటుతో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. స్వదేశానికి తిరిగి రానేలేదు. శేషగిరమ్మ నిరీక్షణ అలాగే మిగిలిపోయింది. 1995లో భారత ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ళ వేసింది.

ఆరియోమైసిన్ వంశంలోనే 1950లలో టెట్రాసైక్లిన్, 1967లో డాక్సీసైక్లిన్ వచ్చాయి. 1994లో సూరత్‌లో ప్లేగు చెలరేగినప్పుడు జనం మందుల షాపులకు పరుగెత్తింది ఈ బిళ్ళల కోసమే.

అయితే మన ఇళ్ళలో ఈ మందు వాడే తీరులో పొరపాట్లున్నాయి. మందు వేడి చేస్తుందని పాలతోనో, మజ్జిగతోనో మింగించడం మన అలవాటు. పాలలోని సున్నం ఈ మందును పట్టేసి ఒంటికి ఎక్కనివ్వదు. టెట్రాసైక్లిన్లో ఈ ఇబ్బంది ఎక్కువ, డాక్సీసైక్లిన్లో కొంత తక్కువ. రక్తం పట్టడానికిచ్చే ఐరన్ బిళ్ళలు, కడుపుమంట మందులూ అలాంటివే. రెంటికీ మధ్య ఎన్ని గంటలు ఎడం ఉండాలో డాక్టరునడగాలి. నిండు గ్లాసు మంచినీళ్ళతో, కూర్చునో నిలబడో మింగాలి. కనీసం అరగంట నడుం వాల్చకూడదు. గొట్టం గొంతు దిగువన అతుక్కుంటే అక్కడ పుండు పడుతుంది. రాత్రి మంచమెక్కుతూ గుటక నీళ్ళతో వేసుకునేవారికి వచ్చే బాధ ఇదే.

ఈ మందు వాడేటప్పుడు ఎండ ఒంటికి పడదు. చర్మం కందిపోతుంది. కూలి మానుకోలేనివారు పొడుగు చేతుల చొక్కా, తలపాగా వేసుకోవాలి. గర్భిణులు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు పళ్ళు రంగు మారే ప్రమాదముంది గనుక డాక్టరు ఇవ్వమంటేనే ఇవ్వాలి. ఒక పూట మరిచిపోతే మరుపూట రెండు కలిపి మింగరాదు.

జలుబుకు ఇది పనిచేయదు. పక్కింటివారు మిగిల్చిన బిళ్ళలు, గడువు దాటినవి ముట్టరాదు. పాతబడి చెడిన టెట్రాసైక్లిన్ మూత్రపిండాలను దెబ్బతీసిన సందర్భాలున్నాయి. జ్వరం రెండోరోజే తగ్గిందని మానేయకుండా డాక్టరు చెప్పినన్ని రోజులూ వాడాలి. అట్టమీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది చీటీ లేకుండా కొనకూడని మందు. 2016 నుంచి ప్రభుత్వం ఈ గుర్తు గురించి ప్రచారం చేస్తోంది. ఒంటిమీద దద్దుర్లు లేచినా, మొహం వాచినా, ఊపిరాడకపోయినా, ఆగకుండా విరేచనాలైనా తరువాతి బిళ్ళ వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు ఆ మందు అట్ట వెంట తీసుకెళితే డాక్టరుకు పని సులువవుతుంది.